బోసినోటి నాచు

పిల్లలూ! వానకాలంలో పాతగోడల మీద పచ్చని పరుపులా పెరిగే నాచును మీరు చూచే ఉంటారు. చెరువు నీటిపై తేలే పాచి వేరు, ఇది వేరు. నాచుమొక్కలలో ఎన్నో కుటుంబాలున్నవి. వాటిలో ఒకటి ఫ్యునేరియేసీ. నా ఉద్యోగకాలమంతా పాఠం చెప్పినా నాకు విసుగు పుట్టని కుటుంబమిది.

ఇందులో పేరుపొందినది ఫ్యునేరియా హైగ్రోమెట్రికా. నీలగిరుల వంటి చల్లని కొండల మీద, ముఖ్యంగా మంట కాలి ఆరిన నేల మీద పెరుగుతుంది. దీనికి నిజమైన వేళ్ళు లేవు, నూలుపోగుల వంటివి ఉంటాయి. మొక్క తలమీద సన్నని కాడ, కాడ కొసన బేరిపండు ఆకారంలో వంగిన గుళిక. లాటిను భాషలో ఫ్యునిస్ అంటే తాడు. ఎండలో ఈ కాడ తాడులాగే మెలిపడుతుంది. తడి తగిలితే చాలు, మెలి వీడుతూ గిరగిర తిరుగుతుంది!

గుళిక పండి మూత ఊడిపోతే లోపల పళ్ళు కనబడతాయి. బయటి వరుసలో 16, లోవరుసలో 16. చాలా నాచులలో లోపలి పన్ను బయటి పళ్ళ సందులో ఉంటుంది. ఈ కుటుంబంలో మాత్రం సరిగ్గా బయటిపన్ను వెనకే ఉంటుంది. గాలి పొడిగా ఉంటే బయటిపళ్ళు విచ్చుకుంటాయి, సిద్ధబీజాలు ఎగిరిపోతాయి. తేమ తగిలితే నోరు మూతపడుతుంది.

లైప్‌జిగ్ నగరంలో వైద్యుడుగా ఉన్న హెడ్విగ్ ఈ పళ్ళను చూచి నాచులను విభజించాడు. ఆయన గ్రంథం ఆయన పోయిన తరువాత, 1801లో వెలువడింది. ఆ పద్ధతినే పట్టుకుని, రెండు వరుసల పళ్ళున్నవి ఫ్యునేరియా అనీ, పళ్ళు గిడసబారినవి ఎంటోస్తోడాన్ అనీ, బోసినోటివి ఫిస్కోమిట్రియం అనీ పేర్లు పెట్టారు. మూత కూడా ఊడక, గుళిక పగిలిపోయే బుల్లిమొక్కను ఫిస్కోమిట్రెల్లా అని మరో ప్రజాతిగా విడదీశారు.

ఒకసారి నేనీ పాఠం చెబుతుంటే, వెనకబల్ల కుర్రవాడొకడు లేచి, "మాష్టారూ, మా తాతయ్యకూ పళ్ళు లేవు. అయితే ఆయన మా ఇంటివాడు కాడా?" అన్నాడు. తరగతి అంతా ఘొల్లున నవ్వింది. నేను నవ్వలేదు, అది అడగవలసిన ప్రశ్నే!

తరువాత శాస్త్రజ్ఞులు జన్యువులను పోల్చి చూచారు. ఈ కుటుంబంలో పళ్ళు ఊడిపోవడం ఒక్కసారి కాదు, వేరువేరు శాఖలలో విడివిడిగా జరిగిందని తేలింది. అంటే బోసినోళ్ళన్నీ దగ్గరి చుట్టాలు కావన్నమాట. ఫిస్కోమిట్రెల్లా కూడా వేరు ప్రజాతి కాదు, ఫిస్కోమిట్రియం ఇంటిదే. నాచులన్నిటిలో మొదటగా పూర్తి జన్యుపటం తయారైనది దీనిదే, 2008లో. ఇప్పుడు దాని పేరు ఫిస్కోమిట్రియం పేటెన్స్. మీ గ్రంథాలయంలోని పాత పుస్తకాలలో ఫిస్కోమిట్రెల్లా అని కనబడితే, అది ఈ మొక్కే.