మా ఊరి పేరులోని క్రావడి

బెంగళూరు నుండి హైదరాబాదుకు పోయే రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటి, బాగేపల్లి చేరే లోపల పేరేసంద్ర వస్తుంది. బస్సులో కునుకు తీసేవారికి అది కనబడకుండానే వెనుకబడిపోతుంది. మాకు మాత్రం అదే లోకం. ఇంట తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఇది మా వైపు వాడుక. కైవారం నారాయణ తాతగారు రెండు భాషలలోను కీర్తనలు చెప్పిన సీమ ఇది. ఏది మన భాష, ఏది పరాయి భాష అన్న తగవు మా ఇండ్లలో ఎన్నడూ ఎరుగము. ఐతే మాట వేరు, వ్రాత వేరు. మా పిల్లలకు తెలుగు నోటికి వచ్చినంత సులభంగా కంటికి రాదు. అక్షరాలు ఇంటిలోనే దిద్దించుకోవాలి. ఈ సంచిక చదివే కుటుంబాలకు ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

మా తండ్రిగారికి ఒక అలవాటు ఉండేది. ప్రతి ఉగాదినాడు మా బావిలోనికి తాడు వదిలి, నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో కొలిచి ఒక పుస్తకంలో వ్రాసేవారు. నందిదుర్గం ప్రాంతాన ఎన్ని ఏరులు పుట్టినా, ఏడాది పొడుగునా పారే నది మాకు ఒక్కటీ లేదు. చెరువు, బావి, వాటి వెనుక గొట్టపు బావి, ఇవే మా ఆధారం. ఆ బావి ఎండిపోయి చాలాకాలమైనది. పుస్తకం మాత్రం మిగిలింది. అందులోని అంకెలను ఒక రేఖాచిత్రంగా గీసి, తెలుగులో పేర్లు వ్రాసి, నా మనుమరాలి చేతికి ఇవ్వాలని నాకు కోరిక కలిగింది.

ఇందుకు నేను గ్నూప్లాట్ అనే సాఫ్ట్‌వేరును వాడినాను. 1986లో థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ అనేవారు ప్రారంభించిన పని అది. దానికి వెల లేదు. దాని లోపలి వ్రాత అంతా ఎవరైనను తెరచి చూడవచ్చును. లోతు కొలతలు గనుక నిలువు గీత మీది అంకెలను తలక్రిందులు చేసి, సున్నను పైన నిలిపినాను. గీత ఏటేటా క్రిందికి జారింది, నీరు జారినట్లే. పైన శీర్షికగా ‘పేరేసంద్ర బావి’ అని వ్రాసినాను. కంప్యూటరు తెర మీద అక్షరాలు ముత్యాలవలె ఉన్నవి. దానినే బొమ్మగా భద్రపరచితే, అక్షరాలకు బదులు ఖాళీ గడులు వచ్చినవి. తెలుగు ఫాంటు ఎక్కడ ఉన్నదో చూపిన పిమ్మట అక్షరాలు వచ్చినవి. ఇక చాలునని సంతోషించి, కాగితం మీద అచ్చు తీయించి మనుమరాలికి ఇచ్చినాను.

మరునాడు ఆమె నోటుపుస్తకం చూచి ఉలిక్కిపడినాను. బొమ్మను చూచి ఎంతో శ్రద్ధగా ‘పేరేసంద్‌ర’ అని పదిసార్లు వ్రాసి ఉన్నది. అప్పుడు గాని నేను అచ్చు కాగితాన్ని సరిగా చూడలేదు. దకారానికి పొల్లు, దాని ప్రక్కన వేరుగా రకారం. పకారానికి తలకట్టు పోనే లేదు. ఏత్వం చోటు తప్పి నిలిచింది. ‘ఇది తప్పు తల్లీ’ అన్నాను. ‘అచ్చులో ఉంది కదా తాతా? తప్పయితే ఎందుకు అచ్చు వేయించినావు?’ అన్నది. నాకు జవాబు దొరకలేదు.

ఆ రాత్రి తప్పు ఎక్కడ ఉన్నదో వెదకడానికి కూర్చున్నాను. మొదట నా వ్రాతనే అనుమానించి మరల టైపు చేసినాను. ఫలితం లేదు. ఫాంటులు మార్చినాను, విరుపు రూపం మారింది గాని విరుపు పోలేదు. అప్పుడు, రోగిని పరీక్షించే వైద్యునివలె, ఒక్కొక్క కారణాన్నే తొలగించి చూడదలచినాను. అంకెలు తీసివేసినాను, గీత తీసివేసినాను. చివరకు ఊరి పేరు ఒక్కటే మిగిలింది. తెర మీద చక్కగా ఉన్నది, బొమ్మలో విరిగి ఉన్నది. అంటే దోషం లెక్కలో లేదు, పేరులో లేదు. రెండింటికీ భేదం ఒక్క పంక్తిలోనే ఉన్నది: బొమ్మను ఏ ‘టెర్మినల్’కు అప్పగించాలో చెప్పే పంక్తి అది.

గుట్టు అక్కడ బయటపడింది. గ్నూప్లాట్ తానుగా అక్షరాలు వ్రాయదు; టెర్మినల్ అనే పనివానికి అప్పగిస్తుంది. పేరేసంద్ర అనే మాటను యూనికోడ్ తొమ్మిది గుర్తులుగా దాచుకుంటుంది: ప, ఏత్వం, ర, ఏత్వం, స, సున్న, ద, పొల్లు, ర. క్రావడికి అక్కడ వేరే గుర్తు లేదు. ద, పొల్లు, ర వరుసగా వచ్చినప్పుడు వాటిని కలిపి ‘ద్ర’గా కూర్చడం వ్రాసేవాని పని. తెర మీద వ్రాసిన పనివాడు పాంగో అనే సాధనం సాయంతో, ఫాంటులోని నియమాలు చదివి కూర్చుతాడు. నేను బొమ్మకు ఎన్నుకొన్న పీఎన్‌జీ టెర్మినల్ జీడీ అనే వేరొక సాధనంతో పని చేస్తుంది. నా కంప్యూటరులోని జీడీకి ఆ విద్య లేదు. పూర్వం అచ్చుకూటంలో వత్తుల గడి ఎరుగని క్రొత్త కంపోజిటరువలె, వచ్చిన గుర్తును వచ్చినట్లే వరుసగా పేర్చింది. పీఎన్‌జీ అన్నచోట పీఎన్‌జీకైరో అని మార్చినాను. అది పాంగోను ఆశ్రయించేదే. ఊరి పేరు నిలిచింది.

కన్నడంలోను వ్రాసి చూచినాను. పాత టెర్మినల్‌లో అదీ అట్లే విరిగింది. యూనికోడ్ పట్టికలో తెలుగు అర ముగిసిన వెంటనే కన్నడ అర మొదలవుతుంది. ఇరుగుపొరుగులకు కష్టం కూడ ఒక్కటే. ఇంగ్లీషు శీర్షిక మాత్రం రెండు చోట్లా చెక్కుచెదరలేదు. అందుచేతనే ఇంగ్లీషు మాత్రమే చదివేవారికి ఈ దోషం ఎన్నటికీ కనబడదు. దీనిని చూడగలవారు, చూచి చెప్పగలవారు, ఆ లిపి చదివేవారే. చెప్పేటప్పుడు కూడ కోపం పనికిరాదు. ఒకే మాట గల చిన్న ఉదాహరణ, సరియైన బొమ్మ, విరిగిన బొమ్మ, వాడిన సాఫ్ట్‌వేరు ఎన్నవ కూర్పో, ఇంత వ్రాసి పంపితే తయారుచేసేవారికి దారి దొరుకుతుంది. లోపలి వ్రాతను తెరచి ఉంచినవారు మన మాట వినడానికి కూడ తలుపు తెరచినవారే.

క్రొత్త బొమ్మ ఇచ్చినప్పుడు మనుమరాలు రెండు కాగితాలను ప్రక్కప్రక్కన పెట్టి చాలాసేపు చూచింది. పది పంక్తులనూ రబ్బరుతో చెరిపి, మరల వ్రాసింది. పదవసారి క్రావడి దకారాన్ని చక్కగా చుట్టుకొన్నది. ఆ తరువాత గీత మీద వేలు పెట్టి, అది అడుగంటిన చోట ఆపి, ‘తాతా, నీళ్ళు ఇక్కడిదాకా పోయినాయా?’ అని అడిగింది. మా తండ్రిగారి పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరచినాను.