కాళ్ల సంగతి

 

ఈసారి పోస్టు స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించి కాదు. కాళ్ల గురించి. నవ్వొస్తే నవ్వుకోండి, మేం కూడా మొదట నవ్వినోళ్లమే. బండి మీద పోయేటప్పుడు కాళ్లు తడిస్తే ఏమవుతుందో మా రూములో ఒకడికి కానిస్టేబుల్ పరుగులో తెలిసొచ్చింది. వాడి పేరు రాయం, వాడే వద్దన్నాడు. "మా వాడు" అంటాం.

మా తండా పత్తికొండ పక్కనే. మేం నలుగురం ఒకే రూము. ప్రిలిమ్స్ మా వాడొక్కడే పాసయినాడు. ఫిజికల్స్ కర్నూలులో. తెల్లారక ముందే మైదానం దగ్గర ఉండాలి. ముందు రోజే పోయి లాడ్జిలో దిగితే అయిపోయేది, కానీ లాడ్జి డబ్బులతో వాడికి మంచి తిండి పెట్టొచ్చని మేమే లెక్కేసినాం. రాత్రి రెండింటికి రెండు బండ్ల మీద బయల్దేరినాం. చలికాలం, పైగా ఎక్కడో వాయుగుండం అంట, మూడు రోజుల నుంచి ముసురు. దేవనకొండ దాటేసరికి సన్న వాన మొహానికి సూదుల్లా కొడుతోంది. తలకి టోపీ, ఒంటికి రెండు స్వెట్టర్లు, దానిపైన యూరియా సంచి కోసి చేసిన కోటు, అన్నీ ఉన్నాయి. కాళ్ల గురించి ఎవ్వరం ఆలోచించలేదు. అబద్ధం ఎందుకు, ఒకటి ఆలోచించినాం. బూట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తొడిగి రబ్బర్ బ్యాండు వేసినాం. గేరు వేసినప్పుడల్లా రాడ్డు తగిలి ఎడమ కాలి కవరు ముక్కు దగ్గర చినిగింది. చినిగిన కవరు అసలు లేనిదానికంటే అన్యాయం. పైనుంచి వచ్చిన నీళ్లు లోపలే నిలబడతాయి, కుండలో కాలు పెట్టుకుని పోయినట్టు.

బండి నడిపింది మా వాడే. నిద్ర రాకుండా ఉంటాదని వాడే అడిగినాడు. తొడుక్కున్నవి పరిగెత్తే బూట్లే, కొత్త కాటన్ సాక్సులు. కోడుమూరులో టీ తాగడానికి ఆపితే ఎడమ కాలి వేళ్లు ఉన్నాయో లేవో తెలీడం లేదన్నాడు. బూటు విప్పి, సాక్సు పిండి, బండి సైలెన్సర్ దగ్గర కాలు పెట్టుకున్నాడు. మేం కూడా "పెట్టు రా, వెచ్చగా ఉంటాది" అన్నాం. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకుంటాం. కాలు సైలెన్సర్‌కి తగిలింది. వాడికి తెలీలేదు. స్పర్శ లేని చర్మానికి కాలేది కూడా తెలీదు. మళ్లీ అదే తడి సాక్సు, అదే బూటు.

1600 మీటర్లు, ఎనిమిది నిమిషాలు. మా కాలేజీ గ్రౌండులో వాడు ఆరున్నరకి తీసేవాడు, మేమే టైము చూసేవాళ్లం. మొదటి రౌండు బాగానే పోయినాడంట. కాలికి రక్తం తిరిగి వేడెక్కిన కొద్దీ నొప్పి మొదలైంది. మూడో రౌండులో కుంటుకుంటూ పోయినాడు. ఎనిమిది నిమిషాల మీద ఇరవై సెకన్లు. బయటికి వచ్చి సాక్సు లాగితే మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ, పగిలిపోయి ఉంది.

వాళ్ల యాడి, బా అప్పుడు గుంటూరు వైపు మిరప కోతల్లో ఉన్నారు. మన పడమటి మండలాల సంగతి మీకు తెలిసిందే, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఎక్కడ చూసినా సంక్రాంతి ముందూ వెనకా ఊళ్లకి ఊళ్లే ఖాళీ. యాడి ఫోను చేసి "అయిందా బేటా?" అంది. వాడు ఫోను మాకిచ్చినాడు. మేం చెప్పినాం. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చానాసేపు ఆగి, "కాలికి ఆముదం రాసుకోలేదా?" అని మాత్రం అడిగింది. పొద్దున్నే మంచులో తడిసిన చేలో దిగేటప్పుడు వాళ్లు వేళ్ల సందుల్లో ఆముదం పట్టిస్తారంట. లేకపోతే సందులు పాసిపోయి, ఒరిసిపోయి, పదో రోజుకి నడవలేరు. ఇరవై ఏళ్లు ఆ అమ్మ చేతి కూడు తిన్నాం, ఈ మాట మాకు తెలీదు.

మిలిటరీలో ఉన్న మా తండా అన్నకి ఫోను చేసింది ఆ తర్వాతే. ఆయన లడక్‌లో ఉన్నాడు. అన్న అనగానే తండాలో అందరికీ 2016 ఫిబ్రవరి గుర్తొస్తుంది. సియాచిన్‌లో మంచు చరియ కింద పది మంది జవాన్లు పోయినారు, అందులో ఒకరు అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లె ముస్తాక్ అహ్మద్. అందుకే అన్న ఫోను ఎత్తితే ముందు "బాగున్నావా భియా" అని రెండుసార్లు అడుగుతాం. మా కథ మొత్తం విని ఆయన నవ్వలేదు. "మీరు చేసిన తప్పులన్నీ ఇక్కడ కొత్తగా వచ్చినోళ్లు చేసేవే" అన్నాడు.

అక్కడ మంచు మీద పోయే బండి ఉంటుంది, స్నో స్కూటర్ అంటారు. ముందు రెండు చెక్కల్లాంటి స్కీలు, వెనక ట్రాక్టరు చైను మాదిరి రబ్బరు పట్టా. గుల్‌మార్గ్‌లో టూరిస్టులు సరదాకి ఎక్కేది కూడా అదే. దాని మీద పోయేవాడికి చలి ముందు పట్టుకునేది కాళ్లనే అంట. నడిచేవాడి కాలు పని చేస్తుంది కాబట్టి వేడి పుడుతుంది. స్కూటర్ మీద కాలు మూటలాగా ఊరికే పడి ఉంటుంది. గాలి కొడుతుంది, పట్టా ఎగజిమ్మిన మంచు బూటు మీద పడుతుంది, ఇంజను వేడికి కరిగి కుట్లలోంచి లోపలికి దిగుతుంది. ఇంకో దొంగ దెబ్బ చెమట. బండి మెత్తటి మంచులో కూరుకుపోతే దిగి తవ్వి తోయాలి. ఒళ్లంతా చెమట. మళ్లీ ఎక్కి కూర్చుంటే ఆ చెమటే చన్నీళ్లు. బయటి తడి కనపడుతుంది, లోపలి తడి కనపడదు.

తడి కాలు అంత తొందరగా ఎందుకు చల్లబడుతుందో మాలో బీఎస్సీ చదివేవాడు లెక్క చెప్పినాడు. నీళ్లు గాలికంటే దాదాపు ఇరవై ఐదు రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. సాక్సులో మనల్ని కాపాడేది నూలు కాదు, నూలు మధ్య ఇరుక్కున్న గాలి. నీళ్లు చేరితే ఆ గాలి పోతుంది. పైగా బండి మీద గాలికి ఆ తడి ఆరుతూ ఇంకా వేడి తీసుకుపోతుంది. అంటే మంచు పడక్కర్లేదు, పత్తికొండ రోడ్డు చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ సిపాయిల కాళ్లు ఇట్లాగే కుళ్లినాయి, దానికి ట్రెంచ్ ఫుట్ అని పేరే పడింది. గడ్డకట్టే చలి లేకపోయినా వస్తుంది. బ్రిటిష్ సైన్యం వాళ్లకి రోజూ సాక్సులు మార్చాలని, కాళ్లకి తిమింగలం నూనె రాయాలని ఆర్డర్లు వేసింది. తిమింగలం నూనె అని చదివినప్పుడు మాకు యాడి ఆముదమే గుర్తొచ్చింది.

అన్న చెప్పిన వాటిలో మాకు బాగా నాటుకున్నది, కాలు చల్లగా అనిపించినాక సాక్సు మార్చడం కాదు, ఎక్కే ముందే మార్చాలి అనేది. బూటు ఒక సైజు పెద్దది ఉండాలి. చలి అని బిగుతు బూటులో రెండు మందం సాక్సులు కూరితే రక్తం ఆడదు, రక్తం ఆడకపోతే ఎన్ని సాక్సులూ పనికిరావు. వేళ్లు లోపల ఆడుతున్నాయా లేదా అని దారి పొడుగునా ఆడించి చూసుకోవాలి. ప్యాంటు బూటు లోపల దోపకూడదు, పైన ఉండాలి, లేదంటే కాలి మీద కారిన నీళ్లన్నీ నేరుగా బూటులోకే. ఇంక తిమ్మిరెక్కిన కాలిని మంట దగ్గర, ఇంజను దగ్గర పెట్టడం మహాపాపం అన్నాడు. రుద్దకూడదు కూడా. తోటివాడి చొక్కా ఎత్తి పొట్టకి ఆనించాలంట, లేదా మోచెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా తగిలే నీళ్లలో పెట్టాలి. పొట్టకి ఆనించడం అనగానే మాలో ఒకడు "నా పొట్టకి వద్దు" అన్నాడు. అన్న అప్పుడు నవ్వినాడు.

మలావత్ పూర్ణ ఫొటోలు మళ్లీ తీసి చూసినాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన పాకాల పిల్ల, అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మన పిల్లలందరి స్టేటస్‌లలో ఆ ఫొటో ఉంటుంది, మేం ఎప్పుడూ జెండానే చూసినాం. ఈసారి బూట్లు చూసినాం. అంత ఎత్తుకి పోయేవాళ్ల బూట్లు రెండు పొరలు. బయట గట్టి డొప్ప, లోపల విడిగా ఊడొచ్చే మెత్తటి బూటు. రాత్రి ఆ లోపలిది తీసి ఆరబెట్టుకోవచ్చు. ఎవరెస్టు ఎక్కడం కూడా సగం కాళ్లు ఆరబెట్టుకోవడమే అని మా వాడు అన్నాడు. మిగతా సగం ఏంది రా అంటే, తెలీదు, నేను 1600 మీటర్ల దగ్గరే ఆగినా అన్నాడు.

సరే, మన దగ్గర అంత డబ్బెక్కడిది. ఉన్నదాంతో చూసినాం. మొదట పత్తి వదిలేసినాం. పత్తికొండ పేరులోనే పత్తి, పక్కన ఆదోని పత్తి మార్కెట్టు, అయినా తడిలో కాటన్ సాక్సు నమ్మకద్రోహం చేస్తుంది. నీళ్లు పీల్చి కాలికి అతుక్కుంటుంది, ఆరదు. ఉన్ని అట్లా కాదు, తడిసినా దారాల మధ్య కొంత గాలి పట్టుకుని ఉంటుంది. ఉన్ని మాట ఇంటర్నెట్‌లో చదివి మేమేదో కనిపెట్టినట్టు ఫీలయినాం. కిటికీలోంచి చూస్తే వానలో గొర్రెల వెనక కురువ తాత కంబళి కప్పుకుని నింపాదిగా బీడీ తాగుతున్నాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ తెలిసిన విషయం.

ఆ తాతనే అడిగి పాత కంబళి ఒకటి తెచ్చుకున్నాం. డబ్బులు తీసుకోలేదు, పరుగులో పాసైతే టీ తాపమన్నాడు. కాలు పేపరు మీద పెట్టి గీసి, ఆ కొలతకి ముక్కలు కత్తిరించి బూటు లోపల అడుగున వేసినాం. దానికి బూటు ఒక సైజు పెద్దది కావాలి, లేకపోతే బిగుతవుతుంది. కవరు ఇప్పుడు బూటు పైన కాదు, లోపల. ముందు పల్చటి సాక్సు, దాని మీద కవరు, దాని మీద ఉన్ని సాక్సు, అప్పుడు బూటు. గేరు రాడ్డుకి తగలదు, చినగదు. ఒక్కటే మాట, మన ఎండలకి ఇది గంట, గంటన్నర కంటే పనికిరాదు. లోపల కాలు ఉడికి తెల్లగా ముడతలు పడుతుంది, చెమట పోయే దారి ఉండదు కదా. మేం దేవనకొండలో ఒకసారి ఆపి విప్పి తుడుచుకుంటాం. పరిగెత్తే బూట్లు మాత్రం కాలికి వేసుకోం, రెండు కవర్లలో చుట్టి బ్యాగులో పెడతాం. తడిసిన బూట్లలో రాత్రి పాత పేపర్లు కుక్కితే పొద్దున్నకి చానా వరకు ఆరతాయి. మధ్యలో ఒకసారి పేపరు మార్చాలి, దానికి మా రూములో వంతులున్నాయి.

తొలకరికి జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయే తమ్ముళ్లకి కూడా ఇదంతా పనికొస్తుంది. వజ్రం సంగతి మేం చెప్పలేం. బురదలో రోజంతా తిరిగి అదే తడి బూట్లతో బండెక్కి వస్తున్నారు, రేపటికి వేళ్ల సందులు చూసుకోండి.

మా వాడు అగ్నివీర్ రాసినాడు. ర్యాలీలో మళ్లీ 1.6 కిలోమీటర్లే, టైము మాత్రం ఇంకా తక్కువ. మడమ పక్కన మచ్చ ఉంది, నొప్పి లేదు. ఈసారి ముందు రోజే పోయి దిగాలని డబ్బాలో డబ్బులు వేస్తున్నాం.

ఉగాదికి యాడి, బా గుంటూరు నుంచి వచ్చినారు. తండాకి పోతే మా వాడి బూట్లు గడప దగ్గర, కంబళి ముక్కలు ఎండలో. యాడి ఒక ముక్క తీసుకుని వాసన చూసి మొహం చిట్లించింది, తర్వాత కాలి కింద పెట్టుకుని కాసేపు నిలబడింది. కత్తెర ఎక్కడుందని అడిగింది. కంబళి ఇంకా సగం మిగిలే ఉంది. ఆమె కాలు పేపరు మీద పెట్టించి మేమే గీసినాం. వాడి కొలత కంటే రెండు అంగుళాలు చిన్నది.