ముళ్ళ వామింట

ఇక్కడ న్యూజెర్సీ నర్సరీల్లో "స్పైడర్ ఫ్లవర్" అని అమ్ముతారే, క్లియోమ్, అది మన వామింటకి దగ్గరి చుట్టమే. కాకపోతే మనది చేలగట్ల మీద తెల్లగా పూసే పిచ్చిమొక్క, ఇది దక్షిణ అమెరికా నించి దిగిన గులాబిరంగు దొరసాని. నాలుగైదు అడుగుల ఎత్తు, ఆకు మొదట్లో ముళ్ళు, ఒళ్ళంతా జిగురు, అదో రకం ఘాటు వాసన. ఆ వాసనకి జింకలు జోలికి రావు. ఇక్కడి పెరళ్ళలో అంతకన్నా వరమేం కావాలి!

మొలిపించడమే కాస్త బాధ. విత్తనాల్ని తడి ఇసకలో రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, మంచు భయం పోయాక నేల మీద చల్లి వదిలెయ్యాలి. మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. మొలిచాక అడుగుకొకటి ఉంచి మిగతావి పీకెయ్యడమే. వేళ్ళూనుకున్నాక ఎండ చాలు, నీళ్ళు పెద్దగా అడగదు.

లేత ఆకుల్ని చూసి గంజాయి అనుకునేవాళ్ళున్నారు. వీసా మీద బతికేవాడికి ఇదో గుబులు! పూత వచ్చేదాకా పక్కింటాయన చూపులు నాకు నచ్చలేదు.

పైన పూస్తుండగానే కింద కాయలు పండుతాయి. అవి పగిలాయా, వచ్చే ఏడు పెరడంతా ఇదే. మొన్న వేసవిలో ఆ కాపలా అమ్మది. "వామింటని డబ్బులిచ్చి కొన్నావుట్రా?" అని నవ్వుతూనే, గ్లవ్స్ ఇస్తే పక్కన పడేసి, రోజూ కాయలు కోసి పేపరు మీద ఆరబెట్టేది.

ఆర్నెల్లూ అయిపోయి సెప్టెంబరులో వెళ్ళిపోయింది. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కవరు, దానిమీద తన రాత: "ముళ్ళ వామింట. మట్టి కప్పకు."