నల్లని తెరపై పంచాంగం

మార్చిలో అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయన్నది మరచి, యథాప్రకారం సాయంత్రం ఆరున్నరకే షికాగోకు ఫోను చేశాను. మనుమరాలు అప్పటికే బడికి వెళ్ళిపోయింది. ఆనాడు దాని పుట్టినరోజు.

ఆ బాధతోనే లినక్సులో ‘టీజెడ్‌డేటా’ను స్థాపించుకున్నాను. దేశదేశాల కాలనియమాల పట్టిక అది. ‘జెడ్‌డంప్ -వి ఏషియా/కోల్‌కతా’ అని టైపు చేయగా, 1906కు పూర్వం గ్రీనిచ్‌తో మన తేడా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లని కనిపించింది. అది ఆనాటి మద్రాసు కాలం! నేటి అయిదున్నర గంటలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానివి. దానికి పడమరనున్న మా తిరుచానూరులో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సగటున పన్నెండు నిమిషాలు ఆలస్యమే.

సూర్యగతి మారదు గాని, ప్రభుత్వాల నియమాలు మారుతుంటాయి. అందుచేత పంచాంగంవలెనే ఈ పట్టికనూ ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవాలి. ఇప్పుడు ‘టీజెడ్=అమెరికా/షికాగో డేట్’ అని అడిగిన తరువాతనే ఫోను తీస్తున్నాను.