బెణుకేలే అన్నాను

"చెయ్యి కాస్త బెణికిందే. ఏం లేదులే, నువ్వు కంగారుపడకు."

మూడేళ్ల కిందట ధనుర్మాసం మొదలైన నాలుగో రోజు పొద్దున అమ్మ ఫోనులో అన్న మాట ఇది. అప్పుడు నేను హైదరాబాద్‌లో మా ఇంట్లో ఒక చేత్తో పిల్లాడి టిఫిన్ డబ్బాకి మూత పెడుతూ, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాను. "వేళ్లు కదులుతున్నాయా?" అని అడిగాను. కదులుతున్నాయంది. "అయితే బెణుకేలే అమ్మా, నొప్పుల మందు రాసుకో" అని తీర్పు చెప్పేసి బడికి పరుగెత్తాను. పాతికేళ్లుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని కదా, తీర్పులు తొందరగా వచ్చేస్తాయి.

తెనాలి దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున కళ్లాపి చల్లి, ముగ్గుచిప్ప పట్టుకుని మెట్టు దిగుతుంటే కాలు జారింది. పడేవాళ్లు ఎవరైనా చేసే పనే తనూ చేసింది. కుడి అరచెయ్యి నేలకి ఆనించింది. ఒళ్లు బరువంతా ఆ చేతి మీద పడింది. లేచి చూసుకుంటే మట్టిగాజు ఒక్కటి కూడా చిట్లలేదట. 'గాజే పగల్లేదు, ఎముకేం విరుగుతుంది' అనుకుందట మా అమ్మ.

పక్కింటి పిన్ని చింతపండూ ఉప్పూ ఉడకబెట్టి పట్టు వేసింది. బెణుకులు తీసే పెద్దాయన వచ్చి చెయ్యి లాగి, వారంలో సర్దుకుంటుందన్నాడు. వాళ్లని నేనేమీ అనలేను. వాళ్లు కనీసం ఆ చెయ్యి పట్టుకుని చూశారు. నేను చూడకుండానే చెప్పాను.

సంక్రాంతి సెలవులకి వెళ్లాను. భోగి రోజు పొద్దున వాకిట్లో ముగ్గు చూసి ఆగిపోయాను. అది అమ్మ ముగ్గు కాదు. పనమ్మాయి ఏదో నాలుగు గీతలు గీసి పోయింది. పండగ నెలలో మా అమ్మ ముగ్గు చూడ్డానికి పక్క వీధివాళ్లు కూడా వచ్చేవాళ్లు. లోపలికి వెళ్తే ఎడమ చేత్తో కాఫీ అందించింది. కుడిచెయ్యి పైట చాటున ఉంది. "ఏదీ, చూడనీ" అని లాక్కుని చూశాను. మణికట్టుకి కాస్త పైన మూపురంలా లేచి, అక్కణ్నుంచి చెయ్యి పక్కకి ఒరిగి ఉంది.

ఆ సాయంత్రమే గుంటూరు తీసుకెళ్లాను. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే కంటే ముందు చేతిని పక్కనుంచి చూసి, "భోంచేసే ఫోర్కుని బోర్లా పెడితే ఇలాగే ఉంటుంది, చూడండి" అన్నారు. మా అమ్మ జన్మలో ఫోర్కుతో తిన్నది లేదు. ఆ ఫోర్కు వచ్చి తన చేతిలోనే కూర్చుంది.

ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. బొటనవేలి వైపు ఉండేది రేడియస్. పడినప్పుడు అరచెయ్యి ఆనిస్తే మణికట్టు దగ్గర ఆ ఎముక చివరి భాగం విరిగి, ముక్క వెనక్కి వాలుతుంది. దీన్ని కోలిస్ ఫ్రాక్చర్ అంటారట. 1814లో ఐర్లండ్‌కి చెందిన అబ్రహాం కోలిస్ అనే సర్జన్ దీని గురించి రాశాడు. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే 81 ఏళ్ల ముందే ఆయన పైకి కనిపించే వంపుని చూసి, లోపల ఏం విరిగిందో చెప్పాడన్నమాట.

అమ్మ నావైపు తిరిగింది. "ఆయన చూసి చెప్పాడు. నువ్వు ఫోనులో విని చెప్పావు" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మరి వేళ్లు కదిలాయి కదండీ?" అని అడిగాను. డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. వేళ్లని లాగే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి. వాటి నరాల్లాంటి తాళ్లు మణికట్టు మీదుగా వేళ్లలోకి వెళతాయి. ఎముక విరిగినా ఆ తాళ్లు బాగుంటే వేళ్లు కదులుతాయి. కాబట్టి అది పరీక్షే కాదు. నాలా ఎంతమంది ఆ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటారో!

మొదటి వారంలో వచ్చి ఉంటే మత్తిచ్చి, ఎముకని సరిచేసి, ఆరు వారాలు కట్టు కడితే సరిపోయేదట. ఇప్పుడు మూడు వారాలు దాటింది. ఎముక అతుక్కుంది, వంకరగా అతుక్కుంది. మళ్లీ కోసి సరిచేసి ప్లేటు వేయొచ్చు, లేదంటే వ్యాయామాలతో వచ్చినంత కదలిక తెచ్చుకుని సరిపెట్టుకోవచ్చు. "నాకు 67 ఏళ్లు. ఉన్నదాంతో నెట్టుకొస్తాను" అంది అమ్మ. ఆ నిర్ణయం ఆవిడదే. ఆవిడకి ఆ నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం తెచ్చిపెట్టింది మాత్రం నేను.

అమ్మకి అర్థం కావాలని డాక్టరు గారు కాగితం మీద మణికట్టు బొమ్మ వేశారు. అందులో గచ్చకాయలంత ఎముకలు ఎనిమిది ఉంటాయట. "నాలుగు చుక్కలు, రెండు వరసలు" అంది అమ్మ వెంటనే. ఆయనకి భలే నచ్చింది ఆ మాట. ఒకటి పడవలా, ఒకటి చంద్రవంకలా, ఒకటి మూడు మూలలుగా, ఒకటి బఠాణీ గింజలా ఉంటాయి. ఇది మొదటి వరస. రెండో వరసలో ఒకదానికి గుండ్రటి తల, ఒకదానికి కొక్కెం ఉంటాయి. పుట్టినప్పుడు ఈ ఎనిమిదీ మెత్తటి మృదులాస్థే. ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ గట్టిపడతాయి. అందుకే పిల్లల వయసు తేల్చడానికి మణికట్టుకి ఎక్స్‌రే తీస్తారు. ఒక్కో చేతిలో 27 ఎముకలు. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో పావువంతుకి పైగా రెండు చేతుల్లోనే ఉన్నాయన్నమాట.

బయట బల్ల మీద మా పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ కుర్రాడిది ఇంకో కథ. రెండు నెలల కిందట బైకు మీంచి పడ్డాడట. వాపు పెద్దగా లేదు, ఎక్స్‌రేలోనూ ఏమీ కనపడలేదు. బెణుకే అనుకున్నాడు. బరువెత్తితే నొప్పి మాత్రం పోలేదు. చివరికి తేలిందేమిటంటే, విరిగింది పడవ ఎముక, స్కాఫాయిడ్. బొటనవేలు బాగా పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే దీన్ని అనుమానించాలట. ఈ ఎముకకి రక్తం ఎక్కువగా వేళ్ల వైపునుంచి వెనక్కి అందుతుంది. నడుమ విరిగితే ముంజేతి వైపు ముక్కకి రక్తం చాలక అతకడం కష్టమవుతుంది. మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం కూడా మామూలే. అనుమానం ఉంటే కట్టు వేసి, పది పద్నాలుగు రోజులకి మళ్లీ తీస్తారు.

అమ్మకి ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష కూడా చేశారు. ఎముకలు బాగా గుల్లబారాయి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి నిలుచున్నచోట పడితేనే మణికట్టు విరిగిందంటే అది ముందస్తు హెచ్చరికట. పట్టించుకోకపోతే తర్వాత తుంటి ఎముక వంతు రావచ్చు. మందులు మొదలుపెట్టారు. వాకిలి మెట్టుకి నేను గరుకు రాయి వేయించి, పక్కన పట్టుకోడానికి కమ్మీ పెట్టించాను.

ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకున్నాను. నడిరాత్రి నాకు మామూలుగా వచ్చే తిమ్మిరి వచ్చింది. లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటుంటే చీకట్లోంచి అమ్మ గొంతు. "ఎన్నాళ్లనుంచి?"

"ఏం లేదులే అమ్మా, పేపర్లు దిద్దీ దిద్దీ..."

"బెణుకేలే అంటావా?"

మర్నాడు పండగైనా ఊరుకోలేదు. కనుమ వెళ్లాక నన్ను అదే డాక్టరు గారి దగ్గర కూర్చోబెట్టింది. ఆయన నా మణికట్టు మీద వేలితో తట్టారు, వేళ్లలోకి కరెంటు పాకినట్టయింది. రెండు చేతుల వీపులూ ఆనించి ఒక నిమిషం ఉండమన్నారు, నిమిషం కాకముందే తిమ్మిరెక్కింది. "చిటికెన వేలికి తిమ్మిరి ఉందా?" అని అడిగారు. ఆలోచిస్తే, లేదు. అదే గుర్తట. కార్పల్ టన్నెల్. ఆ ఎనిమిది ఎముకలు కమానులా ఒంగి ఉంటే, వాటి మీద గట్టి పట్టీ ఒకటి కప్పులా ఉంటుంది. ఆ ఇరుకు సొరంగంలోంచి తొమ్మిది తాళ్లు, వాటితోపాటు మీడియన్ నరం వెళతాయి. లోపల ఏ కాస్త ఉబ్బినా నలిగేది నరమే. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. చాలాకాలం వదిలేస్తే బొటనవేలి కింద కండ కరిగి, పట్టు తప్పుతుంది. పరీక్ష చేయిస్తే నాకు థైరాయిడ్ తక్కువని తేలింది. మందులు వాడుతూ, రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటున్నాను. ఆపరేషన్ దాకా రాలేదు.

అమ్మ రోజూ వేణ్నీళ్లలో చెయ్యి పెట్టి వ్యాయామాలు చేసింది. చపాతీ పిండి ముద్ద పిసికింది. ఇప్పుడు ముద్ద కలుపుకుని తింటుంది, జడ వేసుకుంటుంది. తాళంచెవి మాత్రం ఎడమ చేత్తోనే తిప్పాలి. తడిచీర పిండలేదు. అరచెయ్యి పూర్తిగా పైకి తిరగదు కాబట్టి గుళ్లో తీర్థం కూడా ఎడమచెయ్యి ఆసరా పెట్టి పట్టుకుంటుంది. పూజారి గారు ఏమీ అనరు. నేను పక్కన నిలుచుంటే తల దించుకుంటాను.

మొన్న సంక్రాంతికి ముగ్గు మళ్లీ తనే వేసింది. 21 చుక్కలది కాదు, 11 చుక్కలది. పెద్ద మెలికలు నన్ను తిప్పమంది. నావి వంకర పోతే, "నా చెయ్యే నయం" అని అందరిముందూ అనేసింది.

ఇప్పుడు మా ఫోను మాటలు ఒకే రకంగా ముగుస్తున్నాయి. "రాత్రి పట్టీ కట్టుకున్నావా?" అని ఆవిడ, "మాత్ర వేసుకున్నావా?" అని నేను. ఎప్పుడైనా అమ్మ "ఏం లేదులే" అందంటే చాలు, వీడియో కాల్ చేసి, "ఏదీ, చూపించు" అంటున్నాను.