ఏ గడిలో టిక్కు పెట్టను?

ఆటిజం ఉన్న నాకు ప్రశ్నపత్రం ఇస్తే, ప్రతి ప్రశ్నలోంచీ ఇంకో నాలుగు పుట్టుకొస్తాయి. మనస్తత్వవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం కేంబ్రిడ్జ్‌లో రూపొందించి 2001లో ప్రచురించిన, ఆటిజం లక్షణాలను కొలిచే ఏక్యూ పరీక్షలో 50 వాక్యాలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు. పార్టీకన్నా లైబ్రరీకి వెళ్లడం ఇష్టమా అన్నది అందులో ఒకటి. ఎవరి పార్టీ? ఎంతమంది వస్తారు? పాటల హోరు ఉంటుందా? ఇవేవీ తెలియకుండా ఎలా చెప్పను? ‘కొంతవరకు’, ‘కచ్చితంగా’ల మధ్య చాలాసేపు కొట్టుమిట్టాడతాను. మార్కుల లెక్కలో మాత్రం ఆ రెండూ ఒకటే!

32 మార్కులు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినా అది ఆటిజం నిర్ధారణ కాదు. నిపుణులు చిన్ననాటి సంగతులు తెలుసుకుని, మనిషితో మాట్లాడి తేల్చాలి. అప్పుడు నా తటపటాయింపునూ పట్టించుకోవాలి. ఏ ప్రశ్న దగ్గర, ఎందుకు ఆగిపోయానో అడిగితే, టిక్కులు చెప్పేదానికన్నా నేను ఎక్కువే చెప్పగలను.