అబ్బా ఖతులు, పాత స్కానర్

మా ఇంట్లో స్కానర్ చెడిపోలేదు. కొత్త ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టనంటోంది, అంతే. విండోస్ 7 రోజుల్లో కొన్నది, ఇప్పుడున్నది విండోస్ 11. వైరు పెడితే లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. ఆ మోడల్‌కి కంపెనీ కొత్త డ్రైవర్ ఇవ్వలేదు. షాపతను "పారేసి కొత్తది తీసుకోండి భాయ్" అన్నాడు.

డ్రైవర్ అంటే తర్జుమాన్. కంప్యూటర్‌ది ఒక జబాన్, స్కానర్‌ది ఇంకొకటి. మధ్యలో తర్జుమా చేసేవాడు లేకపోతే రెండూ మూగవే. మా ఇంటి హాల్ కూడా అదే. అబ్బా కువైట్ నుంచి అమ్మీకి రాసిన ఖతులు అల్మారాలో ఒక రేకు డబ్బా నిండా ఉన్నాయి. అన్నీ ఉర్దూలోనే. మేం ముగ్గురం రాయచోటిలో తెలుగు మీడియం చదువుకున్నవాళ్లం. మాట్లాడతాం గానీ చదవలేం. చదవగలిగిన అమ్మీకి చూపు తగ్గింది. అబ్బా ఇంతెకాల్ తర్వాత డబ్బా తెరిస్తే మడతల దగ్గర కాగజ్ చిరుగుతోంది, సిరా వెలిసిపోతోంది. ఫోన్‌తో తీస్తే చేతి నీడ పడి అక్షరాలు వంకరపోయాయి.

తర్కీబ్ చెప్పింది మా ఖాలా కొడుకు. లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంతో ల్యాప్‌టాప్ ఆన్ చేయొచ్చు. అందులో ఉండే 'సేన్' అనే సాఫ్ట్‌వేర్‌కి చాలా పాత స్కానర్ల జబాన్ వచ్చు. అన్నిటిదీ రాదు, మీ మోడల్ దాని జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. విండోస్ వదలలేనివాళ్లకి వ్యూస్కాన్ ఉంది, కాకపోతే పైసలు కట్టాలి. పెన్‌డ్రైవ్‌తో నడిపేటప్పుడు స్కాన్లను వేరే డిస్క్‌లో దాచుకోవాలి, లేదంటే ఆపేయగానే సబ్ ఖతం.

మాది యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే రకం. హబ్‌కి తగిలిస్తే మధ్యలో ఆగిపోయేది, నేరుగా ల్యాప్‌టాప్‌కే పెడితే ఆగలేదు.

సెట్టింగుల్లో 'టెక్స్ట్' పెట్టకండి. అది అన్నిటినీ నలుపు, తెలుపుగా చేసి వెలిసిన సిరాను తినేస్తుంది. కలర్‌లోనే తీయండి. ఖతులకి 300 డీపీఐ చాలు. 600 పెడితే ఏ4 పేజీ కుదించకుండా 100 ఎంబీ దాటుతుంది. చిన్న ఫోటోలకైతే 600 పెట్టండి. పల్చటి ఎయిర్‌మెయిల్ కాగితంలో వెనక రాత ముందుకి కనబడుతుంది, దాని వెనక నల్ల అట్ట పెడితే చాలావరకు తగ్గుతుంది. ఉర్దూ ఓసీఆర్ కూడా పెట్టి చూశాను. అబ్బా నస్తలీఖ్ చేతిరాత ముందు అది చేతులెత్తేసింది.

కాబట్టి ఓసీఆర్ మా అమ్మీయే. తెర మీద ఖత్ పెద్దది చేస్తే చష్మా సర్దుకుని చదువుతుంది, నేను పక్కన కూర్చుని తెలుగులో రాసుకుంటాను. మొదటిది 1984ది: గది కిరాయి, ఎండ, పంపిన డ్రాఫ్టు, చెల్లికి గౌను కొలత ఎంతో రాయమని. ఆఖరిది 1990 జూలైది. ఆ ఆగస్టులోనే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. దాన్ని అమ్మీ ఇంకా తెరవనివ్వడం లేదు, వరసలోనే పోదామంటుంది.

నిన్న 1987 దగ్గర ఒక పేరా చదవకుండా ఆగిపోయింది. పెదాలు కదిలాయి గానీ ఆవాజ్ రాలేదు. నేను కలం పట్టుకునే ఉన్నాను.

"యే తేరేకు నై బేటా," అంది. "ఆగే సర్కా."

తర్వాతి పేజీకి జరిపాను.